మూడు ఫేజుల ఇంట్లో లినక్స్

అప్‌గ్రేడ్ అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పటి ఫోన్లు వాటంతట అవే ఏదో దించుకుని, ఏదో మార్చుకుని, పొద్దున మనం లేచేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటాయి. నేను మాత్రం తొంభైల చివర్లో, నల్లగొండలో, పానగల్ పోయే రోడ్డు పక్కన ఒక కాలనీలో, ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని దాని మీద బతుకుదామనుకున్నదాన్ని. అందులో ఉన్నది లినక్స్. అదీ పాతబడిపోయిన లినక్స్. దాన్ని కొత్తది చేయబోయి మేం పడ్డ పాట్లు మా వీధిలో కొందరికి ఇప్పటికీ గుర్తున్నాయి.

అంతకుముందు నేను చిట్యాల దగ్గర ఒక నూలు మిల్లు ఆఫీసులో టైపిస్టుని. పొద్దున ఒక బస్సు, నార్కట్‌పల్లిలో దిగి ఇంకో బస్సు, సాయంత్రం మళ్లీ అవే తిప్పలు. హైవే మీద పోయే బస్సులు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు పోయేవి. వానాకాలంలో నేను ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగేవి, అదీ కరెంటు ఉంటే. కొన్నేళ్లు అట్లా తిరిగి తిరిగి, ఒకరోజు విసుగొచ్చి మానేశాను. మిల్లు వాళ్లు చేతికిచ్చిన డబ్బుతో కంప్యూటరు కొన్నాను. ఇంట్లోనే కూర్చుని టైపు పనులు చేస్తానన్నాను. మా ఆయన నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు, నెమ్మదస్తుడు. “సరే, ఒక్క ఏడాది చూడు. కుదరకపోతే మిల్లోళ్లు మల్ల రమ్మంటనే ఉన్నరు గద,” అన్నాడు. ఆ ఏడాది ముగియవస్తున్నప్పుడు జరిగిన సంగతి ఇది.

కంప్యూటరు ఇంటికి వచ్చిన వారానికే మా మరిది హైదరాబాదు నుంచి దిగాడు. అక్కడ ఇంజనీరింగు చదువుతుండేవాడు. అప్పటికి మా ఊళ్లో ఉన్న కంప్యూటర్లన్నిటిలోనూ అందరూ వాడే ఆ కిటికీల సిస్టమే ఉండేది. షాపువాడే ఎక్కించి ఇచ్చేవాడు. దొంగ కాపీయే, కానీ అడిగేవాడు లేడు. మా మరిది అడిగాడు.

“దొంగసొమ్ము ఇంట్ల పెట్టుకుంటమా వదినా? గిది చూడు,” అంటూ సంచిలోంచి ఒక సీడీ తీశాడు. ఏదో కంప్యూటరు పత్రికతో పాటు వచ్చిందట. “గిది ఎవ్వని సొత్తు గాదు. దునియా మొత్తం మీద తెలిసినోళ్లంత కలిసి రాసిన్రు. ఎవ్వలన్న వాడుకోవచ్చు, ఎవ్వలకన్న ఇయ్యొచ్చు. లోపల ఏమున్నదో ఇప్పి చూడొచ్చు.”

“ఇప్పి చూసుడు నాకెందుకయ్యా? నేను టైపు కొట్టాలె, కాగితం బయటికి రావాలె. గంతే.”

“రెండు అయితయి. ఫికర్ చేయకు.”

వంటింట్లోంచి మా అత్తమ్మ తల బయటపెట్టింది. “ఊకెనే ఇస్తున్రా దాన్ని? ఊకెనే ఎందుకిస్తర్రా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు మా మరిది చాలాసేపు జవాబు చెప్పాడు. స్వేచ్ఛ అన్నాడు, జ్ఞానం అందరిదీ అన్నాడు. అత్తమ్మ అంతా విని, “ఏమో, ఊకెనే వచ్చినదానితోని చాకిరెక్కువుంటది,” అని పోయి పప్పు కలుపుకుంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మరిది సిస్టం ఎక్కించి, నాలుగు మాటలు నేర్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. నేనూ ఆ నల్లటి తెరా మిగిలాం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, టైపు పని బాగానే సాగేది. సాగనిచ్చేది కాదు కరెంటే. అందరి కంప్యూటర్లూ కరెంటు పోయి వస్తే కాసేపు గొణిగి లేచి కూర్చునేవి. మాది అట్లా కాదు. డిస్కు మొత్తం ఆ మూల నుంచి ఈ మూలకు తడుముకుంటేగాని లేచేది కాదు. తడుముతూ తడుముతూ మధ్యలో ఆగి ఇంగ్లీషులో అడిగేది. ఇది సరిచేయనా? అవును. ఇంకోటి సరిచేయనా? అవును. ఏం సరిచేస్తుందో నాకు తెలియదు, వద్దంటే ఏమవుతుందో అంతకన్నా తెలియదు. వై అన్న మీట మీద వేలు పెట్టి, ఊ కొడుతూ కూర్చునేదాన్ని. మా కీబోర్డు మీద అన్నిటికన్నా ముందు అరిగిపోయిన అక్షరం అదే.

మా కరెంటు సంగతి కూడా చెప్పాలి. పెరట్లో బావికి మోటారు ఉండటంతో, వీధిలో చాలా ఇళ్లలాగే, మా ఇంటికీ మూడు ఫేజులు, అంటే మూడు వేరు వేరు కరెంటు తీగలు ఉండేవి. మెయిను పక్కన గుండ్రటి పిడి ఉన్న స్విచ్చి ఒకటి. పిడి ఎటు తిప్పితే ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఆ ఫేజు మీదికి పోతాయి. మా కాలనీ దాటితే అన్నీ పొలాలే. అక్కడ మోటార్లన్నీ ఒక్కసారి అందుకున్నాయంటే మా ఇంట్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. వోల్టేజి పడిపోగానే వీధిలో ఎవరో ఒకరు “ఫేజు మార్చుర్రి!” అని కేకేసేవారు. అన్ని ఇళ్లలోంచి టక్కు టక్కుమని చప్పుడయ్యేది. అందరూ మంచి ఫేజు మీదికి వచ్చి పడగానే ఆ మంచి ఫేజూ చెడిపోయేది. మళ్లీ కేకలు, మళ్లీ టక్కు టక్కు. మా ఊళ్లో ఇది ఎవరూ నేర్పని విద్య. ఫ్యాను చప్పుడు మారగానే కాళ్లు వాటంతట అవే స్విచ్చి దగ్గరికి పోతాయి.

మా ఇంట్లో ఆ పని అత్తమ్మది. మూడు ఫేజులకూ ఆమె పేర్లు పెట్టుకుంది. పొలాల వైపు పోయేది మోటార్ల ఫేజు. రోడ్డు మీది సర్కారు దవాఖానకు పోయేది దవాఖాన ఫేజు, అన్నిట్లోకీ అదే మంచిది. మూడోది ఎప్పుడూ సరిగ్గా ఉండేది కాదు, దానికి ముసలి ఫేజు అని పేరు. పిడి తిప్పేటప్పుడు కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. ఫ్యానుకు అదేం లెక్కలోది కాదు. కంప్యూటరుకు అది చావే. అందుకని నేను టైపు చేస్తుంటే అత్తమ్మ ముందు అడిగేది. “మార్చాల్నా పిల్లా?” అంటే, నేను రాసింది దాచుకుని, కంప్యూటరు ఆపేసి, “ఇగ మార్చు,” అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఈ ఒప్పందం ఏడాదంతా చక్కగా నడిచింది.

నా పనికి అసలు ఆధారం ఒక ప్రైవేటు బడి. ఇంగ్లీషు మీడియం. పరీక్షల ప్రశ్నపత్రాలు టైపు చేసి, అచ్చు తీసి ఇవ్వడం నా పని. తెలుగు, హిందీ పేపర్లు వాళ్లు చేత్తోనే రాసుకునేవారు, మిగతావన్నీ నావే. ఆ బడి కరస్పాండెంటు ఒకరోజు నేనిచ్చిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“అమ్మా, గీ అక్షరాలన్ని చుక్కలు చుక్కలున్నయ్. తల్లిదండ్రులు చూస్తే గీ బడేంది గిట్లున్నదంటరు. ఈసారి క్వార్టర్లీ పేపర్లు నున్నగ రావాలె. వస్తె ఏడాదంత మీకే ఇస్త. రాకపోతె నేను హైదరాబాదుల కొట్టిస్త, మీరు మల్ల ఏమనుకోవద్దు.”

నా దగ్గరున్న పాత చుక్కల ప్రింటరుకు నున్నటి అక్షరాలు రావు కదా. మరిదికి చెబితే హైదరాబాదు నుంచి సిరాతో అచ్చువేసే కొత్త ప్రింటరు తెచ్చాడు. తీరా తగిలిస్తే మా పాత లినక్స్ దాన్ని గుర్తుపట్టలేదు. అచ్చు తీయమంటే కాగితం పైన ఒక్క వరుస పిచ్చి గీతలు కొట్టి కాగితాన్ని బయటికి నెట్టేది. ఇంకో కాగితం లాక్కుని దాని మీదా ఒక వరుస. ఆపమన్నా ఆపేది కాదు. పెట్టిన కాగితాలన్నీ అయ్యేదాకా ఉమ్మేస్తూనే ఉండేది. నేను తీగ పీకి, నెత్తి పట్టుకుని కూర్చున్నాను.

“సిస్టం పాతదైంది వదినా. కొత్తదాంట్ల ఈ ప్రింటరు ఉన్నది. వచ్చే శనివారం సీడీ తెస్త, అప్‌గ్రేడ్ చేద్దాం,” అన్నాడు మరిది. సోమవారం పొద్దున పేపర్లు బడికి చేరాలి. నేను అన్ని తరగతులవీ టైపు చేసి ఉంచాను. అవన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఇంకో చోట దాచుకుందామంటే ఫ్లాపీ పెట్టే చోటు దుమ్ము మింగి ఎప్పుడో నోరు మూసుకుంది. నల్లగొండలో దాన్ని బాగుచేసేవాడు దొరకలేదు.

“మరి నా పేపర్లో?” అన్నాను.

“అప్‌గ్రేడ్ అంటే ఉన్న ఇంటికి సున్నమేసినట్టు. సామాన్లు ఏడియాడనే ఉంటయి.”

“సున్నమేసేటప్పుడు సామాన్లన్ని వాకిట్ల పెడ్తర్రా. నీకెవ్వలు చెప్పిన్రు?” అంది అత్తమ్మ. ఇంట్లో గోడలకు సున్నం వేయించేది ఆమే. మరిది వినిపించుకోలేదు.

శనివారం మా కాలనీకి పొద్దున కోత. మధ్యాహ్నం కరెంటు వచ్చాక మొదలుపెడితే సాయంత్రం దాకా ఢోకా లేదని మరిది లెక్క. మేం ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచే ఎదురింటామె బిడ్డ పెళ్లి మర్నాడు. ఖాలా భర్తది గడియారాలు బాగుచేసే దుకాణం, మా అత్తమ్మా ఖాలా ఒకరి పొయ్యి మీది కూర ఒకరికి తెలిసేంత దగ్గర. ఆ ఇంటి ముందు షామియానా వేస్తున్నారు, గోడలకు సీరియల్ బల్బులు కడుతున్నారు. “పెండ్లి ఇల్లు ఎదురుంగ ఉన్నది, వోల్టేజి పడుతదేమో,” అన్నాను. “స్టెబిలైజరున్నది గద,” అన్నాడు. ఆ స్టెబిలైజరు వోల్టేజిని నిలబెట్టేదేమీ లేదు, కాస్త తేడా వస్తే కటకటమని ఏడ్చేది.

అయినా మొదలుపెట్టాం. మరిది సీడీ వేశాడు, ఏవేవో అడిగితే చెప్పాడు. చివరికి తెర మీద ఒక గీత వచ్చి, చీమ నడిచినట్టు కుడివైపుకు సాగడం మొదలైంది. పాత ముక్క తీసి కొత్త ముక్క పెడుతోందట. ఒక్కొక్క ముక్కకూ ఒక పేరు. వందల ముక్కలు. నేను తెర ముందు నుంచి లేవలేదు. మరిది నన్ను చూసి నవ్వాడు.

“నువ్వు చూస్తే జల్ది అయితదా? రా, చాయ్ తాగుదాం. దానంతట అదే అయితది.”

ఇద్దరం వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా సీరియల్ బల్బులకు కరెంటు ఇచ్చి చూస్తున్నారు. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ. చూడటానికి బాగుంది. లోపల ఫ్యాను చప్పుడు మారింది. నాకు వినబడింది. వినబడి, గ్లాసు కింద పెట్టి లేచేలోగా లోపలి నుంచి టక్కుమని వినిపించింది.

పరుగెత్తాను. అత్తమ్మ స్విచ్చి దగ్గర కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. “దవాఖాన ఫేజుల ఆ పెండ్లి లైట్లు తగిలిచ్చినట్టున్నరు, పడిపోయింది. మోటార్ల ఫేజుకు మార్చిన. ఇగ మంచిగున్నది చూడు,” అంది సంతోషంగా.

కంప్యూటరు తెర నల్లబడి, మళ్లీ లేచింది. రోజూ లేచేటప్పుడు పై మూలన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పడేవి, ఈసారి ఎల్, ఐ అని రెండే పడ్డాయి. అంతే. ఇక కదల్లేదు. మరిది ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ ఎల్, ఐ. ఇంకోసారి వేశాడు. అవే రెండు అక్షరాలు. వాడి ముఖం పాలిపోయింది.

“సగం పాతది, సగం కొత్తది అయింది వదినా. లేస్తలేదు.”

నాకు కోపం నషాళానికి అంటింది. “నా కొంప ముంచినవు గదా అత్తమ్మా!” అని అరిచాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె మీద అంతగా అరిచింది లేదు. “అడిగి మార్చాలె అని నీకు తెల్వదా? ఏడాది సంది అడుగుతలేవా? ఇయ్యాల్నే ఏమొచ్చింది నీకు?”

ఆమె బిత్తరపోయి కంప్యూటరు వంక చూసింది. “ఎవ్వలు కొడ్తలేరు గదా బిడ్డా. ఇద్దరు బయట చాయ్ తాగుతున్రు. పని అయితలేదనుకున్న,” అంది.

ఆమె కళ్లకు నేను కూర్చుని మీటలు కొడితేనే అది పని. కుర్చీ ఖాళీగా ఉంటే కంప్యూటరు కూడా ఖాళీగా ఉన్నట్టే. చేతులు కదలకుండా పని జరుగుతుందని మేమెవరమూ ఆమెకు చెప్పలేదు. ఆమె తప్పేమీ లేదని తెలుస్తున్నా నా కోపం దిగలేదు. తప్పు లేని మనిషి మీద కోపం వస్తే అది ఇంకా ఎక్కువ మండుతుంది.

మరిది నెమ్మదిగా అన్నాడు, “మొత్తం తుడిచేసి కొత్తగ ఎక్కిద్దాం. అది పక్కా అయితది.”

“నా పేపర్లు?”

వాడు తెర వైపు తిరిగితే నేను వదల్లేదు. “తుడిస్తే అవి పోతయా, ఉంటయా? అది చెప్పు.”

“పోతయి.”

“అయితే దాని మీద చెయ్యి పెట్టకు,” అన్నాను. అంతలో మా ఆయన నకిరేకల్ నుంచి వచ్చాడు. సంగతి అంతా విని, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నెమ్మదిగా, “పోతె పోయింది తియ్. మిల్లోళ్లు రమ్మంటున్నరు గద,” అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు, నాకు తెలుసు. కానీ ఆ మాట వినగానే నాకు నార్కట్‌పల్లి బస్టాండు, ఆ దుమ్ము, ఆగని బస్సులు అన్నీ కళ్లముందు తిరిగాయి. అత్తమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. విని లోపలికి పోయింది.

మరిది తన పుస్తకాలు తిరగేసి, ఒక దారి ఉందన్నాడు. సీడీతోనే లేపి, మళ్లీ అప్‌గ్రేడే అడిగితే పాతదాన్ని గుర్తుపట్టవచ్చు. గుర్తుపడితే ఆగిన పని మొదటి నుంచి చేసుకుపోతుంది, పేపర్ల జోలికి పోదు. కానీ ఈసారి కూడా మధ్యలో కరెంటు రెప్పకొట్టిందంటే ఇక తాను చేయగలిగింది లేదన్నాడు. రాత్రికి పెళ్లింటి లైట్లు, పొద్దున కోత, కాబట్టి చేసేది ఆదివారం మధ్యాహ్నమే. అదే ఖాలా ఇంట్లో పెళ్లి వేళ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి అత్తమ్మ ఇంట్లో లేదు. పెళ్లింటికి పోయిందనుకున్నాను. పోయింది నిజమే. పెళ్లిపనుల్లో తలమునకలై ఉన్న ఖాలాను బయటికి పిలిచి, మా కోడలి కంప్యూటరు పానం మీదికొచ్చింది, మీ లైట్లన్నీ దవాఖాన ఫేజు నుంచి తీయించమని అడిగిందట. ఆ తర్వాత వీధిలో ఒక్కొక్క గడపా ఎక్కిందట. “ఇయ్యాల పొద్దుగూకిందాక దవాఖాన ఫేజుకు ఎవ్వలు రాకుర్రి. మీ ఫ్యాన్లు తిరగకపోయినా మంచిదే, జర ఓపిక పట్టుర్రి,” అని చెప్పి వచ్చిందట. ఇది నాకు తెలిసింది మా పక్కింటామె నీళ్ల బిందెతో ఆగి, “ఏమే, మీ కంప్యూటరు ఇంక లేవలేదా? మంచిగ కావాలె పాపం,” అని పరామర్శించినప్పుడు. సిగ్గుతో చచ్చిపోయాను. వీధి వీధంతా నా మిషను చావుబతుకుల్లో ఉందని తెలిసిపోయింది. అత్తమ్మ మీద కోపం మళ్లీ రాజుకుంది.

ఖాలా స్వయంగా వచ్చింది. పట్టుచీర మీద పిండి మరకలు, చేతిలో తాళాల గుత్తి. “అరే బేటీ, ఎందుకు ఫికర్ చేస్తవ్? లైట్లు పొద్దుగూకినంక పెడ్తం. మైకు గుడ అటు ముసలి ఫేజుల పెట్టించిన. దూల్హా వాళ్లు అడిగితె కరెంటోళ్లదే తప్పని చెప్త,” అంది. పెళ్లికూతురి తల్లి, తన బిడ్డ పెళ్లి లైట్లు ఆపుకుని నాకు ధైర్యం చెబుతోంది. థ్యాంక్స్ అనాలని కూడా తోచలేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అత్తమ్మ ముందుగానే పిడిని తిరిగి దవాఖాన ఫేజు మీదికి తిప్పి ఉంచింది. మరిది సీడీ వేశాడు. పాతది ఉంది, కొత్తది చేయమంటావా, మొత్తం తుడవమంటావా అని తెర మీద అడిగింది. మరిది వేలు ఎక్కడ పడుతుందోనని వాడి చేతిని పక్కకు తోసి, నేనే అప్‌గ్రేడ్ మీద నొక్కాను. చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత గీత సాగడం మొదలైంది.

అత్తమ్మ పీట తెచ్చుకుని స్విచ్చి కింద గోడకు ఆనుకుని కూర్చుంది. అక్కడెందుకు, లోపల పడుకోమంటే కదల్లేదు. అన్నం తినమంటే “తర్వాత తింట,” అంది. ఖాలా ఇంటి నుంచి ఆమెకు ఇష్టమైన డబల్ కా మీఠా గిన్నె నిండా వచ్చింది. మూత కూడా తీయకుండా పక్కన పెట్టింది. నాకు ఒళ్లు మండింది. నిన్న అరిచినందుకు అలిగింది, అలిగి అన్నం మానేసింది, అదీ నాకీ గండం గడవని రోజే. ఒక పక్క ఈ గీత సాగదు, ఇంకో పక్క ఈమె తినదు. ఎవరిని బతిమాలను? “తింటె తిను, లేకపోతె లేదు,” అని వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

గీత సగం దాటాక ఫ్యాను చప్పుడు మారింది. పొలాల్లో మోటార్లు అందుకున్నట్టున్నాయి. తెర మీది బొమ్మ అంచులు లోపలికి ముడుచుకున్నాయి. స్టెబిలైజరు కటకటలాడింది. మరిదీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వీధిలో ఎవరో అలవాటు కొద్దీ “ఫేజు...” అని మొదలుపెట్టి నోరు మూసుకున్నారు. ఏ ఇంట్లోంచీ టక్కుమనలేదు. నేను తిరిగి చూశాను. అత్తమ్మ లేచి నిలబడి ఉంది. కళ్లు ఫ్యాను మీద, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కడుపుకు అదిమి పట్టుకుంది. ఆమె చేతులకు అలవాటైన పని అది. ఇప్పుడు ఆ చేతులను ఆపుకోవడానికి కష్టపడుతోంది.

ఫ్యాను నిదానంగా మళ్లీ అందుకుంది. తెర అంచులు విచ్చుకున్నాయి. అత్తమ్మ పీట మీద కూలబడింది.

ఎండ వాలే వేళకు గీత కుడి అంచుకు చేరింది. మరిది సీడీ తీసి, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. ఎల్, ఐ. మళ్లీ అంతేనా అనుకున్నాను. ఆ వెనకే ఇంకో రెండు అక్షరాలు పడి, బొలబొలమని వరుసలు దిగడం మొదలుపెట్టాయి. నేను మరిదిని లేపి కూర్చుని, నా పేపర్లు ఎక్కడ ఉండాలో అక్కడ చూశాను. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ప్రింటరు తగిలించి, ఏడో తరగతి లెక్కల పేపరు అచ్చు తీయమన్నాను. ప్రింటరు కాసేపు ఆలోచించి, కాగితం లాక్కుని, వరుస తర్వాత వరుస, నున్నగా, నల్లగా, బడి పేరుతో సహా అచ్చువేసి నా చేతికిచ్చింది. మరిది ఎగిరి గంతేశాడు. “చూసినవా వదినా? నేను చెప్పలే? సున్నమేసినట్టే!” అన్నాడు. ఆ క్షణంలో వాడి నెత్తి మీద ఒకటి మొట్టాలనిపించింది.

కాగితం పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు చదువు రాదు. వేళ్లతో అక్షరాలను తడిమి చూసింది.

“అయిపోయిందా నీ పని?”

“అయింది.”

“మల్ల మిల్లుకు పోవుడు లేదు గదా?”

“లేదు. బడోళ్లు ఏడాదంత ఇస్తరు.”

“అయితే అన్నం పెట్టు. ఒక్కపొద్దు ఉన్న.”

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. మా వైపు ఆడవాళ్లు దేవుడికి మొక్కుకుని, అనుకున్నది అయ్యేదాకా మెతుకు ముట్టకుండా ఉంటారు. పిల్లల జ్వరాలకు ఉంటారు, పంటకు ఉంటారు. “ఒక్కపొద్దా? దేనికి? ఈ డబ్బాకా?” అన్నాను.

“డబ్బాకెందుకుంట?” అంది ఆమె, లేవడానికి నా భుజం పట్టుకుంటూ. “నువ్వు మిల్లుకు పోయినన్ని రోజులు పొద్దుగూకినంక గీ అరుగు మీద కూసునేది నేను. నీ బస్సు వచ్చిందాక నాకు ముద్ద దిగకపోయేది. ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు పల్టీ గొట్టినయ్ ఆ రోడ్డు మీద. వద్దని నేనెట్ల చెప్పాలె? నీ నౌకరి నీది. మల్ల నా చేతులతోని నిన్ను ఆ రోడ్డు మీదికి తోలిన అనుకున్న నిన్న.”

ఆమెకు షుగరు. పొద్దుట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ లోపలికి పోలేదు. “షుగరు మనిషివి, పానం మీదికి తెచ్చుకుంటవా? దవాఖానల పడితె ఎవ్వలు చూడాలె? గీ వయసుల ఒక్కపొద్దులేంది నీకు? బుద్ధుందా అసలు?” అని తిడుతూనే ఆమెను నడిపించుకుని వంటింట్లోకి తీసుకుపోయాను. కళ్లు మసకలుగా ఉంటే కొంగుతో తుడుచుకుని, కంచం పెట్టి, అన్నం వడ్డించి, పప్పు వేశాను. ఆమె కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తిడుతూనే ఉన్నాను.